పిండితొట్టి మీద నల్ల కొంగ

ఆ చలికాలం గెర్లాఖ్‌కు ఇంటి నుంచి ఒక డాలు వచ్చింది. చూడటానికి అన్న వస్తాడనుకున్నాడు. అన్న రాలేదు, డాలు వచ్చింది.

గెర్లాఖ్ అప్పటికి మఠంలో శిష్యుడు. బాల్టిక్ సముద్రం ఒడ్డున, పైన్ చెట్ల అడవిలో, ఒక నది మలుపు దగ్గర ఉండేది ఆ మఠం. ఎన్నో వందల ఏళ్ళ కిందటి మాట ఇది. అక్కడ చలికాలం వస్తే సముద్రమే గడ్డకట్టి బండలా అయిపోతుందట. దాని మీద బండ్లు పోతాయి, గుర్రాలు పోతాయి. సముద్రం మీద గుర్రపు డెక్కల చప్పుడు! తలుచుకుంటేనే వింతగా ఉంటుంది.

ఆ గడ్డ మీద అడ్డదారిన వస్తూ గెర్లాఖ్ అన్న రైన్‌హోల్డ్ మంచు విరిగి గుర్రంతో సహా కిందికి దిగిపోయాడు. పైన మళ్ళీ మంచు మూసుకుంది. మనిషి దొరకలేదు.

వాళ్ళది ఒస్టర్‌బ్రూక్ వంశం. ఎప్పుడో ఓడెక్కి వచ్చి ఆ నేల మీద కోట కట్టుకున్న జర్మన్ దొరలు. తెల్లటి డాలు మీద నల్ల కొంగ, అదీ వాళ్ళ ఇంటి గుర్తు. ఆ దొరల్లో ఒక ఆచారం ఉండేది. వంశంలో ఆఖరి మగవాడు పోతే, అతన్ని పూడ్చే చోట ఆ ఇంటి డాలును విరగ్గొట్టి మట్టిలో కలిపేస్తారు. ఇక ఆ పేరు ఎవరూ పెట్టుకోరు. ఆ గుర్తు ఎవరూ వేసుకోరు.

తండ్రి ఎప్పుడో పోయాడు. అన్నకు పిల్లలు లేరు. మిగిలింది గెర్లాఖ్ ఒక్కడు. ఆ ఒక్కడూ వచ్చే ఈస్టర్ పండక్కి సన్యాసం పుచ్చుకోబోతున్నాడు.

డాలు తెచ్చినవాడు కోట పెత్తందారు కొన్రాడ్. గెర్లాఖ్‌ను చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడు.

"చిన్నదొరా, ఇంకా మాట ఇవ్వలేదు కదా! వచ్చెయ్యి" అన్నాడు కొన్రాడ్. "మీ మేనత్త పిల్లను కూడా చూసి పెట్టింది. మంచి పిల్ల. కొంచెం గట్టిగా మాట్లాడుతుందనుకో."

గెర్లాఖ్ డాలు మీది మంచు తుడిచాడు.

"రానంటావా? అయితే ఇది నువ్వే పగలగొట్టు. మంచు కరిగాక ముక్కలు సముద్రంలో వేసొస్తాను, మీ అన్న అక్కడే ఉన్నాడు గనక. పగలగొట్టడం మాత్రం నావల్ల కాదు. నువ్వు నడక నేర్చింది దీన్ని పట్టుకునే."

నది మంచు కదలకముందే జవాబు కోసం వస్తానని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

గెర్లాఖ్ ఆ డాలు ఎత్తుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు.

గురువు పేరు వీగ్‌బోల్డ్. బాగా ముసలివాడు. మఠానికంతటికీ రొట్టెలు ఆయనే కాల్చేవాడు. ఎప్పుడు చూసినా గడ్డానికి ఇంత పిండి అంటుకుని ఉండేది. ఏది పిండో ఏది నెరిసిన వెంట్రుకో తెలిసేది కాదు.

"నేనేం చెయ్యాలి గురువుగారూ? దేవుడికి ఇస్తానన్న మాట తప్పనా, మా వంశాన్ని నా చేత్తో పూడ్చిపెట్టనా?"

వీగ్‌బోల్డ్ పొయ్యిలో ఒక కట్టె సర్దాడు. "మీ వంశం కథ చెప్పు" అన్నాడు.

అది గెర్లాఖ్‌కు నోటికి వచ్చు. చలికాలమంతా కోటలో పెద్ద పొయ్యి ముందు కూర్చుని తాత చెబితే నేర్చుకున్నదే. నిలబడి, డాలు మోకాలికి ఆనించుకుని చెప్పాడు. సెంటు భూమి లేని మూడో కొడుకు డీట్‌మార్ జర్మన్ల దేశంలోని వెస్ట్‌ఫాలియా నుంచి ఓడెక్కి వచ్చాడు. ఇసుకలో కత్తి గుచ్చి, ఇది నా నేల అన్నాడు. అతని కొడుకు చెక్క కోట తీసేసి రాతి కోట కట్టాడు. మనవడు బురదనేలల్లో జరిగిన యుద్ధంలో కన్ను పోగొట్టుకుని కూడా జెండా వదల్లేదు. ఇలా ఒకరి తర్వాత ఒకరు. చెబుతుంటే గెర్లాఖ్ గొంతు తాత గొంతులా అయిపోయింది. చివర రైన్‌హోల్డ్ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

గురువు అంతా శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది. ఆ మొదటాయన, డీట్‌మార్, మొదటి చలికాలం ఏం తిన్నాడు?"

"ఏమో. అది కథలో లేదు."

"ఓహో" అన్నాడు గురువు. లేచి నడుం పట్టుకుని, "రేపు రొట్టెల రోజు. తొట్టి సంగతి చూడు నాయనా" అని వెళ్ళిపోయాడు.

గెర్లాఖ్‌కు ఒళ్ళు మండింది. వంశం మునిగిపోతోందని వస్తే తిండి గురించి అడుగుతాడేమిటి ఈయన!

వంటింట్లో పిండి కలిపే చెక్కతొట్టి ఉంది. పడవంత ఉంటుంది. లోపలంతా నల్లగా, ఎండిన పిండి చెక్కులు కట్టి, పుల్లటి వాసన. గెర్లాఖ్ కోటలో పుట్టినవాడు. పెద్దయ్యాక వంటింటి గడప తొక్కి ఎరుగడు. మఠంలోనూ అప్పటిదాకా అతనికి చదువూ పాటలే అప్పగించారు. తొట్టి సంగతి చూడమంటే కడగమన్నారనుకున్నాడు. వేణ్ణీళ్ళు పెట్టాడు. ఇసుక తెచ్చాడు. అన్నను తలుచుకుంటూ, ఏడుస్తూ, మూల మూలలా తోమాడు. తొట్టి కొత్త చెక్కలా తెల్లగా వచ్చింది. అతని గుండె కూడా కాస్త తేలికపడింది.

పొద్దున్నే వీగ్‌బోల్డ్ వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"బాగా కడిగావు" అన్నాడు.

కట్టెలు తెచ్చిన లాంపెర్ట్ అనే మఠవాసి కూడా చూశాడు. మోపు కింద పడేసి తల పట్టుకున్నాడు. "అయ్యో దొరబాబూ! నీ వంశం సంగతేమో గాని మా వంశం తుడిచిపెట్టావు కదయ్యా!"

అక్కడి నల్ల రొట్టె రై అనే ధాన్యంతో చేస్తారు. ఆ పిండి దానంతటది పొంగదు. పోయినసారి పిండి తొట్టి గోడలకు అంటుకుని మిగులుతుందే, అదే దానికి ప్రాణం. మనం పాలలో నిన్నటి పెరుగు చుక్క వేసి తోడు పెట్టినట్టే. అందుకని ఆ తొట్టి ఎవరూ కడగరు. తల్లి వాడిన తొట్టి కూతురు వాడుతుంది. తోడు పోయిన ఇల్లు, మన ఇళ్ళల్లో లాగానే, గిన్నె పట్టుకుని పొరుగింటికి పోవాల్సిందే.

గెర్లాఖ్ సిగ్గుతో చితికిపోయాడు. గురువు ఒక మూత గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నది దాటి ఆవలి ఊరికి వెళ్ళు. మారెట్ అవ్వ అని ఉంటుంది. తోడు అడిగి తీసుకురా."

"నేనా? ఆ ఊరు మా కోట కింది ఊరు గురువుగారూ. మా వాళ్ళు అక్కడ పన్ను వసూలు చేస్తారు!"

"అయితే దారి తెలుసన్నమాట" అన్నాడు గురువు.

గడ్డకట్టిన నది మీద నడిచి వెళ్ళాడు గెర్లాఖ్. మారెట్ అవ్వ గుడిసె అడవి అంచున, సగం నేలలో కూరుకున్నట్టు ఉంది. జర్మన్లు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న జనం వాళ్ళు. గెర్లాఖ్‌కు పాలిచ్చిన దాది ఆ వైపు మనిషే. అందుకని వాళ్ళ మాట అతనికి వచ్చు.

"మఠం నుంచి వచ్చానవ్వా. కొంచెం తోడు కావాలి."

"మఠంలో తోడు లేకపోవడమేమిటి? ఎవడు కడిగాడు?"

"నేనే."

అవ్వ పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. "ఏ ఇంటి బిడ్డవి నాయనా? మీ అమ్మ ఏమీ నేర్పలేదా?"

ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళినా అతని కంటే ముందు అతని పేరు వెళ్ళేది. ఇప్పుడు ఆ పేరు నోట్లోంచి రావడం కష్టమైంది.

"ఒస్టర్‌బ్రూక్" అన్నాడు మెల్లగా.

నవ్వు ఆగిపోయింది. అవ్వ అతన్ని కిందికీ పైకీ చూసింది. బల్ల మీది రొట్టె కోసి ఒక ముక్క ఇచ్చింది.

ఆ రొట్టె పైన అరచేతి అంచుతో ఒత్తిన శిలువ గుర్తు ఉంది. గెర్లాఖ్ ముక్క కొరికాడు. పులుపు, దాని వెనక సోపు ఘాటు, చివర సన్నటి తీపి. కొరికినవాడు కొరికినట్టే ఉండిపోయాడు.

అతనికి పాలపళ్ళు ఊడిన రోజుల్లో నాయనమ్మ రొట్టె అంచు తాను నమిలి, లోపలి మెత్తటిది అతని నోట్లో పెట్టేది. కిటికీలకు గడ్డి కుక్కి ఉండేది. బయట తోడేళ్ళు అరిచేవి. నాయనమ్మ ఒడి నిండా ఇదే వాసన. పొయ్యిలోకి పంపే ముందు ఒక్కో రొట్టె మీదా అరచేతి అంచుతో ఇలాగే రెండు గీతలు ఒత్తేది. ఆ గుర్తు తమ ఇంటిదనుకునేవాడు.

"ఇది మా నాయనమ్మ రొట్టె" అన్నాడు.

"ఆమెదే. కానప్పుడు మరెవరిది!" అంది అవ్వ పొయ్యి వైపు తిరిగి. "ఒక ఏడు మా ఊరు కాలిపోయింది. పన్ను కట్టలేదని మీ తాతే గుర్రాల మీద వచ్చి తగలబెట్టించాడు. తొట్లు కాలాయి, తోడు కాలింది. మంచు పడ్డాక మీ నాయనమ్మ వచ్చింది, కాలినడకన. చంకలో పిండి కుండ. ఆడవాళ్ళం అందరికీ తలో ముద్ద పెట్టింది. మా మాట ఆమెకు రాదు, ఆమె మాట మాకు రాదు. పెట్టింది, వెళ్ళిపోయింది."

గెర్లాఖ్ తల వంచుకున్నాడు. ఈ సంగతి తాత కథలో లేదు.

"మరి ఆమెకు ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి? మీ మొదటి దొర ఆకలికి నీలుక్కుపోయి పడి ఉంటే, మా వాళ్ళలో ఒకావిడ జాలిపడి ఇచ్చిందట. మా అమ్మ చెప్పేది. మా అమ్మకు ఎవరు చెప్పారో!" అవ్వ తన తొట్టి గోడలు గీకి ఒక ముద్ద చేసి గిన్నెలో వేసింది. "ఎవరిదైతేనేం అబ్బాయ్? పులుస్తుందా లేదా, అదీ మనం చూసుకోవాల్సింది. చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళు. చలి తగిలితే చచ్చిపోతుంది."

గెర్లాఖ్ గిన్నెను గుండెకు అదుముకుని నది దాటాడు. కాళ్ళ కింద మంచు లోలోపల ఎక్కడో మూలిగింది. చలికాలం అయిపోవస్తోంది.

వీగ్‌బోల్డ్ ఎదురొచ్చాడు. గిన్నె మూత తీసి వాసన చూసి తల ఊపాడు. ఇద్దరూ కలిసి గోరువెచ్చటి నీళ్ళు పోసి పిండి కలిపారు. చేతులు మోచేతుల దాకా పిండిలో ఉండగా గెర్లాఖ్ అన్నాడు, "ఆ మొదటి చలికాలం ఆయన ఏం తిన్నాడో తెలిసింది గురువుగారూ."

"ఊఁ" అన్నాడు గురువు. "తొట్టి కొత్తదానిలా అయిపోయింది. రేపటిదాకా వెచ్చగా ఉండాలి. గుడ్డ చాలదు. పైన ఏదైనా గట్టి మూత కావాలి."

లాంపెర్ట్ పలక కోసం వెతకబోయాడు. గెర్లాఖ్ చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళి డాలు తెచ్చాడు. కాసేపు దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తొట్టి మీద బోర్లించకుండా, కొంగ పైకి కనబడేలా పెట్టాడు. తొట్టి ఒక చివర కాస్త తెరిచి ఉండిపోయింది. అక్కడ గురువు తన పాత దుప్పటి కప్పాడు.

మర్నాడు పొద్దున్నే కొన్రాడ్ వచ్చాడు. నది మంచు పగుళ్ళిస్తోందని గాభరాగా వచ్చాడు. వంటింట్లో అడుగుపెట్టి కొయ్యబారిపోయాడు.

"చిన్నదొరా! ఇదేం అన్యాయం! కొంగ మీద పిండి!"

నిజమే. పిండి పొంగి డాలును ఒక పక్కకు ఎత్తేసింది. అంచుల మీదికి ఉబికి కొంగ కాళ్ళ దాకా వచ్చింది.

కొన్రాడ్ దాన్ని లాగబోయాడు. గెర్లాఖ్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. డాలు పక్కకు జరిపి, ఒక పెద్ద ముద్ద తీసి, తడిగుడ్డలో చుట్టి కొన్రాడ్ చేతుల్లో పెట్టాడు.

"అత్తకి ఇవ్వు. రేపు ఆ కోట ఎవరికి పోయినా, ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించినా, వాళ్ళకి ఇది అందాలని చెప్పు."

"అంటే నువ్వు రావా?"

"రాను."

"మరి డాలు?"

"పగలగొట్టను. ఇక్కడ మూత లేదు."

కొన్రాడ్ ఏదో అనబోయాడు. గుడ్డలోంచి పుల్లటి వాసన అతని ముక్కుకు తగిలింది. ముసలి మొహం మారిపోయింది. ముద్దను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

"పెద్ద దొరసాని... మీ నాయనమ్మ..." అన్నాడు. కోటు గుండీలు విప్పి ముద్దను లోపల పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మరి పేరో, చిన్నదొరా? మీ పేరు ఏమైపోవాలి?"

గెర్లాఖ్ గురువు వైపు చూశాడు.

వీగ్‌బోల్డ్ అప్పటికే పొయ్యి ముందు వంగి ఉన్నాడు. మొదటి రొట్టె మీద అరచేతి అంచుతో రెండు గీతలు ఒత్తి, లోపలికి తోసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఈసారి తొట్టి కడక్కు నాయనా."