గోలు వెనక చాప

బాల్‌రాజ్‌కు ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. ఆదివారం నగర ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. మెట్టుగూడ క్లబ్బుకు అతనే గోల్‌కీపర్. అవతల బొల్లారం క్లబ్బు.

ఈ రెండు క్లబ్బుల వైరం సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. బాల్‌రాజ్ అక్కను ఇచ్చింది బొల్లారంలోనే. మ్యాచ్ దగ్గర పడితే చాలు, అతను బావ ఫోను కూడా ఎత్తడు. పైగా మోకాలు అరిగిపోయింది, ఇక ఆడొద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. కప్పు ఎత్తితే ఇప్పుడే ఎత్తాలి, లేకపోతే లేదు.

అందుకే గురువు గులాబ్ షా బాబా దగ్గరికి పోయాడు.

"బాబా, మెట్టుగూడ గెలవాలని దువా చెయ్యండి. బొల్లారపోళ్లు ఓడాలె."

బాబా గడ్డం నిమురుకున్నారు. "నాకు ఆట తెల్వది బిడ్డా. ఆదివారం వస్త. నీ ఎన్క కూసుంట."

బాల్‌రాజ్‌కు వెయ్యేనుగుల బలం వచ్చినట్టయింది.

ఆదివారం బాబా అన్నట్టే వచ్చారు. చంకలో చాప, చేతిలో బత్తాయిల సంచి. బాల్‌రాజ్ కాపలా కాస్తున్న గోలు వెనక చాప పరుచుకుని కూర్చున్నారు.

ఆ మొదటి సగంలో బాల్‌రాజ్ ఆడినట్టు ఎవరూ ఆడలేదు. కుడికి దూకాడు, ఎడమకు దూకాడు, బొల్లారం వాళ్ల కాళ్ల మీద పడి మరీ బంతి లాక్కున్నాడు. ప్రతిసారీ వెనకనుంచి ఒకే గొంతు, "శభాష్ బిడ్డా!"

విరామంలో బాబా బత్తాయి ఒలిచి తొనలు బాల్‌రాజ్ నోట్లో పెట్టారు. అప్పటికి ఎవరికీ గోలు లేదు.

విరామం తర్వాత ఆట నియమం ప్రకారం జట్లు వైపులు మార్చుకున్నాయి. బాల్‌రాజ్ మైదానం అటు చివరికి పోయాడు. బాబా ఇప్పుడో ఇంకాసేపటికో చాప చుట్టుకుని తన వైపు వస్తారని చూశాడు. ఆయన రాలేదు. ఆయన ముందు ఇప్పుడు బొల్లారం కీపర్ లారెన్స్ నిలబడ్డాడు.

కాసేపటికి మెట్టుగూడవాళ్లు బంతిని బలంగా తన్నారు. గోలే అనుకుని జనం లేచారు. లారెన్స్ గాల్లోకి ఎగిరి వేలికొసతో బయటికి నెట్టేశాడు.

బాబా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "శభాష్ బిడ్డా!"

ఆ మాట మైదానం దాటి వచ్చి బాల్‌రాజ్ గుండెలో గుచ్చుకుంది. ఆ తర్వాత అతని చూపు బంతి మీద లేదు, ఆ చాప మీదే ఉండిపోయింది. బొల్లారంవాళ్లు కొట్టిన బంతి పక్కనుంచి దొర్లుకుంటూ లోపలికి పోయింది. పసిపిల్లవాడైనా ఆపే బంతి అది.

ఆ ఒక్క గోలుతోనే కప్పు పోయింది.

ఆట ముగిశాక బాల్‌రాజ్ కళ్లనీళ్లతో బాబా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా ఎన్క కూసుంటనన్నరు. మరి వాని దిక్కు పోయిన్రేంది బాబా?"

"నేను యాడికి పోయిన బిడ్డా? కూసున్న కాడనే ఉన్న. జాగా మారింది నువ్వు."

"వానికి శభాష్ అంటిరి గదా!"

"మంచిగ దూకిండు గదా," అన్నారు బాబా, ఇంత చిన్న విషయం అర్థం కాలేదా అన్నట్టు.

ఇంతలో నెట్‌కు తగిలించిన తువ్వాలు కోసం లారెన్స్ అటు వచ్చాడు. వాళ్ల జట్టంతా గోలు కొట్టినవాణ్ణి భుజాల మీద ఊరేగిస్తోంది. కీపర్ సంగతి ఎవరికీ పట్టలేదు. బాబాను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"తాతా, నాకు గట్టిగ శభాష్ అన్నది నువ్వే గదా? మా బొల్లారమేనా మీది?"

"కాదు బిడ్డా," అంటూ బాబా బాల్‌రాజ్ భుజం మీద చెయ్యి వేశారు. "నేను వీనితోని వచ్చిన."

లారెన్స్ నోరెళ్లబెట్టి బాల్‌రాజ్ వైపు చూశాడు.

 బాల్‌రాజ్ చేతి తొడుగులు తీసేసి లారెన్స్‌కు చెయ్యి చాచాడు.