పైడి నోట మాట

మా ముసలమ్మకి వాళ్ళ ముసలమ్మ చెప్పేనాటికే పాతబడిపోయిన రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేదట. ఆ పల్లెలో నూకాలు ఉండేది. చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గంపకెత్తుకుని ఊళ్ళమ్మట అమ్ముకునేది. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, పైడి.

పైడి మిగతా పిల్లల్లా కాదు. పిలిస్తే పలకదు. ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే చెవులు మూసుకుంటుంది. మూగదన్నారు కొందరు. గాలి సోకిందన్నారు కొందరు. అమ్మవారి గుడి దగ్గర కట్టెయ్యమన్నారు ఇంకొందరు. నూకాలు ఎవరి మాటా వినలేదు. పక్క ఊళ్ళో అరుగు మీద బడి చెప్పే కామేశం పంతులు దగ్గర పిల్లను చేర్చింది.

పంతులు పైడిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఇసకలో అక్షరం రాసి, కళ్ళలోకి చూసి, "చెప్పమ్మా" అన్నాడు. పైడి చెప్పలేదు. బెల్లం చూపించి అడిగాడు. చెప్పలేదు. బెత్తం చూపించి అడిగాడు. చెప్పలేదు.

"నూకాలూ, నీ పిల్లకు మాట రాదే!"

"అదేటి బాబూ! ఇంటికాడ మా గుంట గలగలా మాటాడతాది. మీ అచ్చరాలన్నీ నాకు అప్పజెప్తాది."

"ఇక్కడ నోరే తెరవదు మరి!"

పంతులు అబద్ధమాడే మనిషి కాదు. నూకాలూ అబద్ధమాడే మనిషి కాదు. మరి ఎవరిది నిజం? ఇద్దరికీ తికమక.

ఈలోగా తక్కిన పిల్లల తల్లిదండ్రులు వచ్చి, "దాన్ని మాన్పించండి, మా పిల్లలు బెదిరిపోతున్నారు" అన్నారు. పంతులు ఆ మాట చెప్పబోతే నూకాలు బావురుమంది.

"నేనెల్లకాలం ఉంటానా బాబూ? నేను పోయాక దాని గోడు ఎవరితో చెప్పుకుంటాది?"

పంతులు మాన్పించే మాట అక్కడితో ఆపేశాడు. "రేపు నువ్వొచ్చి బడిలో కూర్చో. ఆ మర్నాడు నేను మీ ఇంటికొస్తాను" అన్నాడు.

నూకాలు వచ్చి కూర్చుంది. తల్లి ఉన్నా పైడి నోరు విప్పలేదు. నూకాలుకు ఇంకా తికమక. ఆమెకు కనిపించింది ఒక్కటే. పంతులూ పిల్లలూ అందరూ పైడి మొహంలోకే చూస్తున్నారు.

మర్నాడు పంతులు పల్లెకు వెళ్ళాడు. తాటాకు తడిక అవతల ఆగాడు. లోపల నూకాలు చేపలకు ఉప్పు రాస్తోంది. ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చుని, పైడి అక్షరాలన్నీ గడగడా అప్పజెబుతోంది! పంతులు సంబరంగా ఎదురొచ్చి "పైడీ!" అన్నాడు. అంతే, మాట ఆగిపోయింది.

"నీ మొహం కనబడకపోతేనే మాట్లాడుతోంది, నూకాలూ."

"నాకు తెలీలేదు బాబూ. పనిలో ఉండి ఎప్పుడూ అటే తిరిగుంటాను. బళ్ళో అందరూ దాని మొహంలోకే చూస్తన్నారు."

"ఎందుకలా?"

"మీకు తెలీకపోతే నాకేటి తెలుస్తాది?"

మర్నాడు బడిలో పంతులు గోడకేసి తిరిగి కూర్చున్నాడు. "చెప్పమ్మా" అన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. పిల్లలు నవ్వారు. పంతులు కదల్లేదు. అప్పుడు వీపు వెనకాల, సన్నగా, "అ" అని వినిపించింది. పంతులు గోడకేసి చూస్తూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆనాటి నుంచి నూకాలు గంప దించుకుని అరుగు దగ్గర ఆగేది. "బళ్ళో ఏటి జరిగింది బాబూ?" "ఇంట్లో ఏం జరిగింది, నూకాలూ?" ఒకరు చెప్పింది ఇంకొకరికి సగమే అర్థమయ్యేది. అయినా ఏ రోజూ అడగడం మానలేదు.

ఒక వానాకాలం జ్వరమొచ్చి నూకాలు పోయింది. పంతులు పరుగున వచ్చాడు. వాకిట్లో పిల్లకు వీపు తిప్పి చతికిలబడ్డాడు. పైడి వచ్చి ఆయన వీపుకు వీపు ఆనించింది.

"అమ్మ చెయ్యి చల్లగా ఉంది" అంది.

పంతులు అటే తిరిగి, ఆ పిల్ల చెప్పినంతసేపూ విన్నాడు.

ఇప్పటికీ ఆ ఒడ్డున మాట రాని పిల్లను బడికి తెస్తే, ఏ పంతులైనా ముందు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి సంగతులు అడుగుతాడట. తర్వాత పిల్లకు వీపు తిప్పి ఊరుకుంటాడు. ఏమిటిదని అడిగితే, "నూకాలు కూర్చోవడం" అంటారు. పైడి ఎందుకలా ఉండేదో అప్పుడూ ఎవరికీ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కూర్చోవడం మాత్రం మానలేదు.