ఈరన్న పిలుపు

అనగా అనగా, ఈ కొండలింకా పిల్లకొండలుగా ఉన్న కాలంలో, గొల్లల పల్లెలో ఈరన్న అని ఒకడుండేవాడు. పుట్టుగుడ్డి. పిల్లనగ్రోవి అంటే ప్రాణం వాడికి.

ఆ పల్లెలో ఒక్కో మందకు ఒక్కో పాట. గొల్ల తన పాట ఊదితే తన గొర్రెలే వస్తాయి. పక్కవాడివి చెవి కూడా కదపవు. ఆ పాటలు నేర్పేవాడు పెద్ద గొల్ల మారెప్ప.

ఈరన్న వానాకాలంలో వెళ్ళి, "మామా, నాకూ నేర్పించు" అని అడిగాడు.

"మంద లేనోనికి పాట ఏలరా?" అన్నాడు మారెప్ప.

చలికాలంలో వెళ్ళి అడిగాడు. అదే మాట. ఎండాకాలంలో వెళ్ళి అడిగాడు. అదే మాట. కళ్ళు లేనివాడికి మందను ఎవరిస్తారు? ఈరన్నకు ఏడుపొచ్చింది.

వాళ్ళవ్వ తిమ్మక్క చూస్తూ ఊరుకుంటుందా? వెదురు తెచ్చి, చువ్వ కాల్చి, పిల్లనగ్రోవికి బెజ్జాలు పెట్టింది. మొదటిది పగిలింది. రెండోది పిల్లిలా అరిచింది. మూడోది పాడింది.

ఇక ఈరన్నను పట్టేవాళ్ళెవరు? సాయంత్రాలు దొడ్డి దగ్గర కూర్చుని మందల పాటలన్నీ వినేవాడు. ఇంటికొచ్చి, వేళ్ళతో వెతుక్కుంటూ ఊదేవాడు. తప్పితే మళ్ళీ, తప్పితే మళ్ళీ. చివరికి అన్నీ పట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సంతోషం పట్టలేక, వాగొడ్డున కూర్చుని అన్ని పాటలూ వరసపెట్టి ఊదేశాడు. అంతే. నల్ల గొర్రెలు, ఎర్ర గొర్రెలు, చుక్కల గొర్రెలు, అన్నీ కొండ దిగి ఉరికొచ్చాయి. ఎవరి గొర్రె ఏదో తెలియకుండా కలగాపులగమైపోయాయి. వెనకే గొల్లలు తిట్టుకుంటూ వచ్చారు.

"వాని చేతిలోది ఇరిచి వాగులో పారేయండి" అన్నారు.

ఈరన్న పిల్లనగ్రోవిని గుండెకు హత్తుకున్నాడు. మారెప్ప అడ్డమొచ్చాడు.

"ఉండండప్పా. కలిపినోడే ఇడదీస్తాడు. ఊదరా."

ఈరన్న ఒక పాట ఊదాడు. ఒక మంద విడివడి వచ్చింది. దాని గొల్ల తోలుకుపోయాడు. ఇంకో పాట, ఇంకో మంద. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. తిట్టినవాళ్ళే పకపకా నవ్వారు.

"అందరి పాటలూ ఊదితివి. నీదేదిరా?" అన్నాడు మారెప్ప.

"మంద లేనోనికి పాట యాడిది మామా?"

తన మాట తనకే గుచ్చుకుంది మారెప్పకు. పక్కన కూర్చుని, ఈరన్న వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టాడు. ఇద్దరూ కలిసి కొత్త పాట కట్టారు.

"దీనికి ఏ గొర్రె వస్తుంది మామా?"

"గొర్రెలు రాకుంటే ఏమప్పా, మనుషులొస్తారు."

వచ్చారు. ఈరన్న బతికినన్నాళ్ళూ వచ్చారు.

వాడు పోయి ఎంత కాలమైందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ పల్లెలో మందలు దొడ్డి చేరాక ఎవరో ఒకరు ఆ పాట ఊదుతారు. గొర్రెలు తల కూడా ఎత్తవు. మనుషులు మాత్రం చేతిలో పని వదిలేసి బయటికొస్తారు.

"ఈరన్న పిలుస్తాండాడు, పదండి" అంటారు.