ఏటెమ్మ ఎవరి మనిషి

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, అనగా అనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున మూడు పల్లెలు. ఒకటి కోయలది, ఒకటి తెలుగు రైతులది, ఒకటి ఒడియా నేతగాళ్ళది. మూడింటికీ మంత్రసాని ఒక్కతే, ఏటెమ్మ. పసితనంలో వరదకు కొట్టుకొచ్చింది. ఏ ఊరిదో, ఏ జాతిదో ఎవరికీ తెలియదు. కోయ ఇంట కోయ మాట, తెలుగింట తెలుగు మాట, ఒడియా ఇంట ఒడియా మాట మాట్లాడుతూ పురుళ్ళు పోసింది.

ఒక ముసురు పూట ఏటెమ్మ కన్నుమూసింది. పెంపుడు కూతురు పోలి కళ్ళన్నా తుడుచుకోకముందే మూడు పల్లెలూ వాకిట్లోకి వచ్చాయి.

ఆమె మా మనిషి, పూడ్చి రాయి నిలబెడతామన్నారు కోయలు. ఆమె మా మనిషి, చితి పేరుస్తామన్నారు రైతులు. ఆమె మా మనిషి, మా చీర కప్పి మా తీరున సాగనంపుతామన్నారు నేతగాళ్ళు. మాటకు మాట పెరిగింది. కర్రలు లేచాయి. అవతల ఏరు పొంగుతోంది. శవం ఇంట్లోనే ఉంది.

చివరికి పోలినే చెప్పమన్నారు.

పోలి గడప దాటి వాళ్ళ ముందుకు వచ్చింది. ఒకరి పేరు చెబితే మిగతా ఇద్దరికీ పగ. ఉన్నమాట చెబితే, పరాయిదట అని ముగ్గురూ వెళ్ళిపోతారేమో. అమ్మ దిక్కులేని శవమైపోతుందేమో.

"నాకూ తెలియదు అయ్యలారా. పోయేముందు అమ్మ ఒక మాట మూడుసార్లు అంది. అది మీ ముగ్గురి మాటా కాదు."

"ఏమంది?" అన్నాడు కోయ పెద్ద.

"తొయాని."

ఎవరికీ అర్థం కాలేదు. పోలి తలెత్తలేక వాళ్ళ కాళ్ళకేసే చూస్తూ నిలబడింది. ఏ కాళ్ళు ముందు వెనక్కి తిరుగుతాయోనని.

ఒక్క కాలూ కదల్లేదు. కోయ పెద్ద కర్ర కింద పడేశాడు.

"మనల్ని మొదట ఎత్తుకున్నది ఆ చేతులే. ఏరొచ్చేలోగా ఆమెను మనం మోసుకెళ్దాం."

భుజాలు మార్చుకుంటూ మెరకకు మోశారు. నేతగాళ్ళు చీర కప్పారు. చితి మాట మానుకుని రైతులే గొయ్యి తవ్వారు. కోయలు రాయి నిలిపారు. ఆమె ఎవరి మనిషన్న తగవు మాత్రం తెగలేదు.

ఈనాటికీ ఆ దరిన బిడ్డ పుడితే, పేరు పెట్టకముందు, కులం చెప్పకముందు, చెవిలో "తొయాని" అంటారు. అంటే నీళ్ళని కోయలు, దారి అని రైతులు, దీపమని నేతగాళ్ళు వాదులాడుకుంటారు.

అది ఏటెమ్మ తన కన్నతల్లిని పిలిచిన పిలుపేనని పోలికి అనిపించేది. ఎవరితోనూ అనకుండానే పోలి కన్నుమూసింది.