నాలిక చేప కుడికన్ను ఎడమకొచ్చిన కథ

ఒకప్పుడు నాలిక చేప కూడా మిగతా చేపల్లాగే నిటారుగా ఈదేది. తలకి ఈ పక్కొక కన్ను, ఆ పక్కొక కన్ను. ఆకుని మడిచి చూసినట్టు రెండువైపులూ సరిసమానం. తోక విసనకర్రలా విచ్చుకుని ఉండేది.

ఎడమకన్ను పేరు నూకాలు. అక్క. కుడికన్ను పేరు పోలమ్మ. చెల్లి. ఒకే తలలో పుట్టి, ఒకే తలలో పెరిగారు. అయినా ఒకరి మొహం ఒకరు ఎరగరు. మధ్యలో ఎముక గోడ అడ్డం. ఆ గోడకి ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు మాట్లాడుకునేవారు, అంతే.

సముద్రంలో సొరచేప భయం ఉండనే ఉంది. అందుకని అక్కచెల్లెళ్ళు కాపలా వంతులేసుకున్నారు. నీళ్ళు ఒడ్డుకి పొంగే పోటువేళ అక్క వంతు. నీళ్ళు వెనక్కి తీసే ఆటువేళ చెల్లి వంతు. మేలుకున్న కన్ను చేపని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, రెండో కన్ను కునుకు తీసేది.

వంతు మారేటప్పుడు ఒక కట్టుబాటు ఉంది. దిగేవాళ్ళు, "నీళ్ళు మళ్ళాయి, లే" అనాలి. ఎక్కేవాళ్ళు, "లేచా" అనాలి. ఆ జవాబు చెవిన పడకుండా దిగేవాళ్ళు నిద్రపోకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది నూకాలే. నూకాలుకి పనంటే పనే. కానీ మనసులో ఒక మాట గుచ్చుకుందంటే దాన్ని ఏళ్ళతరబడి దాచుకునే రకం.

ఒకరోజు కుడివైపు నుంచి మెత్తళ్ళనే చిన్నచేపల గుంపు మెరుస్తూ పోయింది. పోలమ్మ చూసి కిలకిలా నవ్వింది.

"ఏటే అంత నవ్వు?" అంది అక్క.

"చెబితే నీకేం తెలుస్తుందిలే. చూడాల్సిందే," అంది చెల్లి.

అంతే. నూకాలు మూతి ముడిచింది. ఆ పూటంతా మాట లేదు. నీళ్ళు మళ్ళే వేళయింది. 'నేనెందుకు పిలవాలి? అన్నీ చూసే మహాతల్లికి నీళ్ళు మళ్ళింది కనిపించదా?' అనుకుని, పిలవకుండానే నిద్రపోయింది.

అటు చెల్లీ నిద్రలోనే ఉంది. సొరచేప వచ్చింది. ఒక్క కొరుకుతో విసనకర్రలాంటి తోక ఊడిపోయింది.

ఎలాగో బతికి బయటపడ్డారు. చెల్లి, "అక్కా, నువ్వు పిలిచావా? నాకు వినపడలేదే," అంది.

నూకాలుకి నిజం గొంతుదాకా వచ్చింది. మింగేసింది. "నీ వంతులోనే పోయింది తోక," అంది.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

తోక లేని చేప జోరుగా ఈదలేదు. ఇక అడుగున ఇసకలో పక్కకి వాలి దాక్కోవాలి. పక్కకి వాలితే ఒక కన్ను ఇసక కిందకి పోవాల్సిందే.

"తప్పు నాది. కింద నేనుంటానక్కా," అంది పోలమ్మ.

"ఉండు మరి," అంది నూకాలు.

చేప కుడిపక్కకి వాలి పడుకుంది. పైవైపు ఎండపొడ తగిలి ఇసక రంగుకొచ్చింది. కిందివైపు వెలుగు తగలక పాలిపోయి తెల్లబడింది. మొదట్లో చెల్లి, "పైన ఏం పోతోందక్కా?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

ఒకనాడు ఆ ఇసకలోనే బొరియ తవ్వుకునే పీతవ్వ పైకొచ్చింది.

"ఒసే నూకాలూ, పైన దర్జాగా ఉన్నావు. కింద మీ చెల్లిని చూశావా? కంట్లో ఇసక రాసుకుపోయి పొర కమ్మింది. ఇంకో నాలుగు పోట్లు చూస్తుందో లేదో."

నూకాలు వెంటనే, "చేపని బోర్లించి నేను కిందకెళ్తా అవ్వా," అంది.

"బోర్లిస్తే తెల్లటి వైపు పైకొస్తుంది. సొరకి ఆమడ దూరానికి కనిపిస్తారు. ఇద్దరూ పోతారు. దాన్నే తలమీంచి నీ వైపుకి రమ్మను. లేత ఎముకే, ఒత్తితే దారిస్తుంది," అని పీతవ్వ బొరియలోకి దిగిపోయింది.

నూకాలు గోడ దగ్గరికి జరిగింది. "పోలీ, ఇటు వచ్చేయవే."

"రాను," అంది చెల్లి నీరసంగా. "తోక పోగొట్టినదాన్ని. ఏ మొహంతో రాను? నాకిదే చోటు."

అక్క బతిమాలింది. కసిరింది. చెల్లి కదల్లేదు. ఇక ఒక్కటే మిగిలింది. ఆ మాట అనడం కంటే సొర నోట్లో పడటమే నయమనిపించింది నూకాలుకి. అయినా అంది.

"ఆ రోజు నేను నిన్ను పిలవలేదే. మెత్తళ్ళ మాట మనసులో పెట్టుకుని, పిలవకుండా పడుకున్నాను. తోక పోగొట్టింది నేను."

 కింద ఇసక కదిలింది. పోలమ్మ బయల్దేరింది, కోపంగా. ఎముకని తోసింది, చర్మాన్ని ఈడ్చింది. ఆ ఊపుకి చేప నోరు కూడా వంకర తిరిగింది. నడినెత్తి దాటి, వెలుగులోకి వచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్కని చూసింది.

"ఇంత గొంతేసుకుని అరిచేదానివి, ఇంతేనా నువ్వు? చింతగింజంత లేవు," అంది.

"పక్కకి రా, చోటుంది," అంది నూకాలు చిన్నగా.

"నీ పక్కన కూర్చోను. రవ్వంత ముందుకే ఉంటా. ఇకమీద ఏదొచ్చినా నేనే ముందు చూసి నీకు చెబుతా. నువ్వు పిలుస్తావని నమ్మి నిద్రపోవడం నావల్ల కాదు."

నూకాలు జరిగి చోటిచ్చింది.

అప్పటినుంచే నాలిక చేపకి రెండు కళ్ళూ ఎడమవైపే. పిల్ల పుట్టినప్పుడు ఇటొకటి అటొకటి ఉంటాయి. కాస్త ఎదిగి అడుగుకి దిగే వేళకి కుడికన్ను తలమీంచి నడిచి అక్క దగ్గరికి వచ్చేస్తుంది. వచ్చినా రెండూ ఒక వరసలో ఉండవు. చెల్లి కన్ను ఇంత ముందుకుంటుంది. వలలో పడ్డ చేపల్ని పక్కపక్కన పెట్టి చూడండి, ఆ ఎడం ఏ రెండింటికీ ఒక్కలా ఉండదు. ఏ చేపలో చెల్లికి ఎంత కోపం మిగిలిందో, అంత ఎడం.