గోడవైపు కుర్చీ

మందాకిని తీసిన మొదటి సినిమాను ఆ సాయంత్రం హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ క్లబ్ వాళ్లు వేశారు. అందులో ఒక ముసలావిడ రాని బస్సు కోసం చాలాసేపు ఎదురుచూస్తుంది. మాటల్లేవు, సంగీతం లేదు. సరిగ్గా అక్కడే ముందు వరుసల్లో కొందరు లేచి వెళ్లిపోయారు. ఆటంతా మందాకిని తెర వైపు కాదు, జనం మొహాల వైపే చూస్తూ కూర్చుంది.

ఆట అవుతూనే నిర్మాత ఫోన్ చేశాడు.

"ఆ సీన్ తీసేద్దామమ్మా. గంటలో ఏ సంగతీ చెప్పు. పొద్దున్నే చిత్రోత్సవానికి పంపాలి."

పక్కనే బషీర్ సాబ్ ఉన్నారు. ఆమెకు ఎడిటింగ్ నేర్పింది ఆయనే.

"ఏం చెయ్యమంటారు సాబ్?"

"ముందు ఏమైనా తిందాం" అని ఆయన దగ్గర్లోని జపాన్ హోటల్‌కి తీసుకెళ్లారు.

సినిమా చూసినవాళ్లు నలుగురైదుగురు అక్కడికే వచ్చి, ఎదుటి టేబుల్ దగ్గర కూర్చున్నారు. మందాకిని చూపు వాళ్ల మీంచి కదల్లేదు. సూప్, చేప ముక్కలు పెట్టిన అన్నం ముద్దలు వచ్చాయి. రెండు తినేసింది. ఏం తిన్నదో తెలియలేదు.

"నా సినిమా గురించే సాబ్. చూడండి, ఎలా నవ్వుతున్నారో!"

బషీర్ సాబ్ లేచి నిలబడ్డారు. "ఇటు రా బేటా. నా కుర్చీలో కూర్చో."

ఇప్పుడు ఆమె ఎదురుగా ఆయనా, ఆయన వెనక ఖాళీ గోడా. అంతే. అయినా రెండుసార్లు వెనక్కి తిరిగింది. తిరిగినప్పుడల్లా ఆయన సూప్ గిన్నెను ఆమె వైపు కాస్త జరిపారు. చివరికి గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది.

ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది. "ఉప్పు తక్కువైంది... కదా సాబ్?"

"నా మొహం ఎందుకు చూస్తావు? నాలుక నీ దగ్గరుంది."

ఆమె తల వంచుకుంది. మళ్లీ తాగింది, ఈసారి నెమ్మదిగా. వెనక టేబుల్ దగ్గర ఎవరో పెద్దగా నవ్వారు. ఆమె తిరగలేదు.

ఫోన్ మోగింది. నిర్మాత.

"ఏమ్మా, తీసేద్దామా?"

ఆమె సూప్ గిన్నె కింద పెట్టింది.

"రాత్రికి ఒక్కదాన్నే కూర్చుని చూసి, పొద్దున్న మీరు పంపేలోపే చెప్తానండీ. నేనింకా ఆ సినిమా చూడలేదు."