గంజాయి మొలవని రాజ్యం

కొండల అంచున ఒకానొక రాజ్యం ఉండేది. పేరు చెబితే అక్కడివాళ్ళు తగువుకొస్తారు కాబట్టి పేరు వద్దు. దాన్ని ఏలే వీరనరేంద్రదేవుకు మీసాలు పెద్దవి, చెవులు చిన్నవి. పొగడ్త మాత్రం ఎంత దూరాన ఉన్నా వినపడేది.

ఆ రాజు ఒక చట్టం చేశాడు. ఎవరింట గంజాయి మొక్క కనిపిస్తే వారికి మూడేళ్ళు చెర. ఎందుకు పెంచావని అడిగే పనే లేదు. ఏడాది తిరిగేసరికి చెరసాలలో ఖైదీలు వంతులు వేసుకుని పడుకుంటున్నారు.

వాళ్ళలో సన్యాసమ్మ ఒకతె. డెబ్బై ఏళ్ళ మనిషి. ఊరి పశువులకు మందిచ్చేది. ఎద్దు కడుపు చెడి పారుకుంటుంటే పెరట్లో నాలుగు గంజాయాకులు కోసి, బెల్లంలో నూరి పెట్టేది. అదీ ఆమె నేరం.

కొలువులో రాతపని చూసే ఎల్లన ఆమె మేనల్లుడు. తల్లిలేని వాణ్ణి పెంచింది ఆవిడే. ఎనిమిది నెలలుగా ఎల్లన అందరికీ వంగి దండాలు పెడుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం చెరలోనే ఉంది.

కొండ ఊళ్ళవాళ్ళు గొడవకు దిగేసరికి రాజు అయిదుగురితో సలహా మండలి వేశాడు. చట్టం ఉంచాలా, సడలించాలా, వాళ్ళు తేల్చాలి.

"మీరు నిర్భయంగా ఆలోచించండి," అన్నాడు రాజు. "ఏం ఆలోచించాలో మంత్రి బొప్పన చెబుతాడు."

బొప్పనకు పని ఎక్కువ, ఓపిక తక్కువ. అందుకని బావమరిది కూర్మయ్యను మండలి మీద కాపలా పెట్టాడు. సాక్షులు చెప్పింది ఎల్లన కడితంలో రాయాలి. కడితమంటే నల్లపూత పూసిన గుడ్డ పుస్తకం. బలపంతో రాస్తారు, వద్దనుకుంటే తుడిచేస్తారు. కూర్మయ్య తడిగుడ్డ పట్టుకుని ఎల్లన పక్కనే కూర్చున్నాడు. జీవితంలో అతను చేసిన మొదటి పని అదే. శ్రద్ధగా చేశాడు.

ఒక రైతు వచ్చి, "మా ఎద్దులకు అదే మందు బాబూ," అన్నాడు. కూర్మయ్య తుడిచేశాడు.

మండలిలో తిమ్మాభట్టనే వైద్యుడున్నాడు. రోగి పోయాక జబ్బు పేరు కచ్చితంగా చెప్పగలడు. ఆయన గొంతు సవరించుకుని, "ఏలినవారు రోజూ సేవించే లేహ్యంలో కూడా..." అన్నాడు. ఎల్లన రాయకముందే కూర్మయ్య తుడిచాడు.

ఇంకొకడు, "పట్టుకున్న సరుకు తలారులే సంతలో అమ్ముకుంటున్నారు," అన్నాడు. ఆ మాట తుడిచి, సాక్షిని బయటికి గెంటించాడు.

ఎల్లన చేతిలో బలపం రెండు ముక్కలైంది. కింద పడ్డ ముక్క ఏరుకుని, మళ్ళీ వంగి కూర్చున్నాడు.

నలభై రోజులకు బొప్పన వచ్చాడు. "ఏం తేలిందోయ్?"

"తమ దయవల్ల ఏమీ మిగల్లేదండి," అన్నాడు ఎల్లన.

"శుభం. రాసుకో. 'ఈ రాజ్యంలో గంజాయి లేదు. కాబట్టి చట్టం మార్చనక్కర లేదు.'"

ఎల్లన బలపం ఆపాడు. "ఇప్పుడు లేదంటే, ఇదివరకు ఉండేదని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనండి. మహారాజు పట్టాభిషేకం నాటి నుంచి ఎవరింటా ఒక్క మొక్కయినా మొలవలేదని రాద్దామా?"

"భేష్! నీకూ బుర్ర ఉందే!"

"అంత గొప్ప మాట బలపంతో రాసి వదిలేస్తే ఏం బాగుంటుందండి? కోట గుమ్మంలో రాతి మీద చెక్కిస్తే..."

ఆ మాట చెవిన పడగానే రాజుకు మీసాలు రెండంగుళాలు లేచాయి. నున్నటి నల్లరాయి తెప్పించాడు. రాజముద్రతో సహా చెక్కించాడు. చుట్టుపక్కల రాజ్యాల దూతలను పిలిపించి, అందరి ముందూ పైకి చదివించాడు. దూతలు ఆహా అన్నారు. అనడానికే వచ్చారు పాపం.

అప్పుడు ఎల్లన ఒక చిట్టా పట్టుకుని ముందుకొచ్చాడు.

"చిత్తగించాలి ప్రభూ. చెరలో మూడువందల పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళ నేరం ఏమని రాయమంటారు?"

"ఆమాత్రం తెలీదా? గంజాయి పెంచారని రాయి!"

"ఎక్కడ పెంచారు ప్రభూ?"

"నా రాజ్యంలోనే!"

ఎల్లన రాయి వంక చూశాడు. దూతలూ చూశారు. వాళ్ళలో ఒకడు, మర్యాద కోసం కాబోలు, శాసనం మళ్ళీ పైకి చదివాడు.

"రాయి అబద్ధమైతే వాళ్ళు దోషులు," అన్నాడు ఎల్లన. ఈసారి నడుము వంచడం మరిచిపోయాడు. "రాయి నిజమైతే, మొలవని మొక్క కోసం మూడువందల పన్నెండు మందిని బంధించాం. రెంటిలో ఏదో సెలవివ్వండి. తమకు తొందర లేకపోవచ్చు. లోపల డెబ్బై ఏళ్ళ ముసలమ్మ పది నెలలుగా బండల మీద పడుకుంటోంది."

బొప్పన ముఖం కందగడ్డయింది. కూర్మయ్య మాత్రం, అలవాటు కొద్దీ, తడిగుడ్డ తీసుకుని గబగబా రాయి దగ్గరికి పోయి రుద్దడం మొదలుపెట్టాడు.

ముందు దూతలు నవ్వారు. తర్వాత సభ నవ్వింది. రాజు అటూ ఇటూ చూసి తనూ పగలబడి నవ్వాడు. నవ్వకపోతే ఏడవాలి, పరాయి దూతల ముందు రాజు ఏడిస్తే బాగోదు.

"తెరవండిరా చెర తలుపులు!" అన్నాడు. తన భుజం మీది జరీ శాలువా తీసి ఎల్లనకు కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఇకమీదట సలహా మండలి నెత్తిన కాపలా ఉండకూడదు ప్రభూ."

రాజు మీసం మెలేశాడు. "మంచి మాట. దీని మీద ఒక మండలి వేస్తాను. బొప్పన చూసుకుంటాడు," అని మళ్ళీ నవ్వాడు.

సన్యాసమ్మ వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ బయటికొచ్చింది. గుమ్మంలోని రాయి దగ్గర ఆగింది.

"దానిమీద ఏం రాశార్రా?"

ఎల్లన చదివి వినిపించాడు.

"ఎవరింటా ఒక్క మొక్కా మొలవలేదా?"

"లేదత్తా."

"మరి తలారులొచ్చి మొక్కలు పీకి, పోతూ పోతూ నా పాక తగలెట్టారే. అదీ లేదని చెక్కారా?"

లోపలి నుంచి రాజు నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది.

సన్యాసమ్మ మేనల్లుడి భుజం మీది శాలువా లాగి, అంచు పట్టుకుని పొడవు చూసింది.

"పాక కట్టుకునేదాకా నాలుగు కర్రలు పాతి పైన వేసుకోవచ్చు," అంది. దాన్ని మడిచి చంకలో పెట్టుకుని, కోట వైపు తిరిగి చూడకుండా నడిచింది.